జీపు ఛాసిస్, జింకు పూత, పటాన్‌చెరు గాలి



ప్రత్యేక సంచికకు మన జిల్లా చరిత్ర గురించి ఏదైనా వ్రాయమని సంపాదకులు కోరినారు. కోటల గురించి, గుడుల గురించి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను సర్వీసులో ఎక్కువ కాలం వాహనాల ఫైళ్లు చూసిన గుమాస్తాను. కనుక మనల్ని ఊరూరికీ మోసిన జీపు గురించి, దానిని తినివేసే తుప్పు గురించి వ్రాస్తున్నాను. ఈమధ్య మన పిల్లలు కొందరు పాత జీపులు కొని, ఛాసిస్‌కు జింకు పూత వేయించి, ఇక తుప్పు భయం లేదని ధీమాగా ఉంటున్నారు. ఆ ధీమా ఎంతవరకు సరియైనదో చూద్దాం.

మహీంద్రా కంపెనీ 1945లో స్థాపితమై, ఆ తరువాత బొంబాయిలో విల్లీస్ జీపులను బిగించడం ప్రారంభించింది. 1959లో పంచాయతీ సమితులు వచ్చిన తరువాత బి.డి.ఓ. గారి జీపు అంటే పల్లెల్లో తెలియనివారు లేరు. ఆ జీపుల ఛాసిస్‌కు నల్లరంగు తప్ప జింకు పూత ఉండేది కాదు. ఇంగ్లండులో 1948లో లాండ్ రోవర్ వచ్చింది. యుద్ధానంతరం ఉక్కు కొరత వలన దాని బాడీకి అల్యూమినియం మిశ్రమలోహం వాడినారు. అమ్మకానికి ముందు తయారుచేసిన తొలి బండ్ల ఛాసిస్‌లకు జింకు పూత వేసినారు. తరువాత అమ్మిన బండ్లకు రంగుతోనే సరిపెట్టినారు. అందుకే ఆ దేశంలో కూడా పాత లాండ్ రోవర్ బాడీ బాగుండగానే కింద ఛాసిస్ తుప్పుపట్టి పోతుంది. జింకు పూత వేసిన కొత్త ఛాసిస్ కొని మార్చుకోవడం అక్కడ ఇప్పుడు మామూలు.

ఈ పూత మనకు కొత్తది కాదు. ఇంట్లో నీళ్ల జి.ఐ. పైపు, జింకు రేకులు, కరెంటు టవర్లు అన్నీ ఇదే పూతతో నిలుస్తున్నవి. రాజస్థాన్‌లోని జావర్‌లో మన పూర్వులు కొన్ని వందల ఏళ్ల క్రితమే జింకును పెద్ద ఎత్తున తీసినారు. ఇనుముపై జింకు పూత గురించి 1742లో మలూయిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తెలియజేయగా, 1837లో సోరెల్ అనే మరొక ఫ్రెంచివాడు పేటెంటు తీసుకున్నాడు. గాల్వనీ అనే ఇటలీ శాస్త్రజ్ఞుని పేరు మీదుగా దీనికి గాల్వనైజింగ్ అనే పేరు వచ్చింది. మన విశాఖపట్నంలో కూడా 1977 నుంచి 2012 వరకు హిందుస్థాన్ జింక్ వారి కర్మాగారం నడిచింది.

జింకు రెండు విధాల కాపాడుతుంది. ఒకటి, నీటిని, గాలిని ఇనుము దాకా రానివ్వదు. రెండవది, చిన్న గీత పడి ఇనుము బయటపడినా, ముందు తాను కరిగిపోతూ ఇనుమును నిలుపుతుంది. రంగు ఆ పని చేయలేదు. అయితే కరిగేది కనుక జింకుకు ఆయుష్షు ఉంటుంది. అది చుట్టూ ఉన్న గాలిని బట్టి ఉంటుంది.

3 నుంచి 6 మిల్లీమీటర్ల మందం ఇనుముకు సగటున కనీసం 70 మైక్రాన్ల పూత ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. పొడిగా ఉండే పల్లె గాలిలో ఏటా ఒక మైక్రాను కూడా పోదు. అంటే పూత 70 ఏళ్లకు పైగా ఉంటుంది. పారిశ్రామిక ప్రాంతపు గాలిలో ఏటా 2 నుంచి 4 మైక్రాన్లు పోవచ్చును. 4 చొప్పున పోతే 17 ఏళ్లకే అయిపోతుంది. బొగ్గు, ఫర్నేసు ఆయిలు మండగా వచ్చే గంధక వాయువు తేమతో కలిసి ఆమ్లమై జింకును తినివేస్తుంది.

ఇక్కడే మన జిల్లా చరిత్ర గుర్తుకు రావాలి. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాలలో మందుల, రసాయనాల కర్మాగారాలు వెలిసినవి. నక్కవాగు నీరు పాడైనది. ఈ కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు-బొల్లారంను తీవ్ర కలుషిత ప్రాంతాల జాబితాలో చేర్చింది. ఉద్యోగాలూ ఈ కర్మాగారాల వల్లనే వచ్చినవి. మన పిల్లలు ఎందరో అక్కడే స్థిరపడినారు. కాబట్టి కారు షెడ్డు అక్కడ ఉన్నవారు సంగారెడ్డి అవతలి పల్లెల లెక్క వేసుకోరాదు.

గాలి తరువాత శత్రువు మట్టి. ఇక్రిశాట్ క్షేత్రంలో ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఉన్నట్లే మన జిల్లాలోనూ ఉన్నవి. నల్లరేగడి అతుక్కుంటే ఎండిందాకా తేమను పట్టి ఉంచుతుంది. ఛాసిస్‌లో పెట్టెలాగా మూసి ఉన్న చోట లోపలికి చేరిన బురద కనబడదు. తుప్పు అక్కడే మొదలవుతుంది. నేను చూసిన కండెమ్నేషన్ ఫైళ్లలో ఇంజను బాగున్నా స్ప్రింగు పట్టీలు బిగించే చోట ఛాసిస్ చివికిపోయిన జీపులు ఎన్నో ఉండేవి.

అందుచేత వాడకందార్లకు నా మనవి. వానాకాలంలో తిరిగివచ్చిన నాడే కింది భాగం మంచినీళ్లతో కడగాలి. నీరు కారే రంధ్రాలు పుల్లతో శుభ్రం చేయాలి. ఆమ్లం గాని, ఘాటైన సోడా గాని వాడరాదు. రెండూ జింకును తింటాయి. ఎరువుల బస్తాలు, ఉప్పు మోస్తే వెంటనే కడగాలి. మూసిన భాగాల లోపల మైనం వంటి పూత కొట్టించాలి. వెల్డింగు చేసిన చోట జింకు పోతుంది కనుక జింకు ఎక్కువగా ఉన్న రంగు వేయాలి. వెల్డింగు పొగ పీలిస్తే జ్వరం వస్తుంది, జాగ్రత్త. కొత్త జింకుపై మామూలు రంగు నిలవదు. ముందు తగిన ప్రైమరు వేయించాలి.

ఛాసిస్‌ను సుమారు 450 డిగ్రీల కరిగిన జింకులో ముంచుతారు. మూసిన భాగాలకు రంధ్రాలు లేకుంటే లోపలి తేమ ఆవిరై పేలే ప్రమాదం ఉంది. ఇనుము వంగవచ్చును కూడా. అన్నిటికంటే ముఖ్యం, ఛాసిస్ నంబరు. మనకు సర్వీసు రిజిస్టరు ఎటువంటిదో జీపుకు ఆ నంబరు అటువంటిది. జింకు నిండి అంకెలు కనబడకపోవచ్చును. ముంచడానికి ముందే కాగితం పెట్టి పెన్సిలుతో అచ్చు తీసి, ఫోటోలు తీసి, ఆర్.సి.తో జతచేసి, ఆర్.టి.ఓ. కార్యాలయంలో విచారించుకోవాలి.

2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజి వాహనంగా నమోదు చేయించవచ్చును. కాని ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు చేసి ఉండరాదు. ఛాసిస్ తుప్పుపట్టి పోయిందని వేరేది పెడితే ఆ అవకాశానికే చిక్కు వస్తుంది. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దయినది. కార్యాలయాల్లో పాత జీపు ఇక మిగలదు. వేలంలో ఎప్పుడో కొనుక్కున్నవారి ఇళ్ల ముందు మిగిలినవే మన కాలపు గుర్తులు.

మీలో ఎవరివద్దనైనా పాత జీపుల లాగుబుక్కులు, ఫోటోలు ఉంటే నకళ్లు తీయించి సంఘ కార్యాలయానికి అందజేయ ప్రార్థన.