తల్లి ఒడి, తల్లి నుడి: బిడ్డ ఎదుగుదలకు రెండు పునాదులు

తల్లి పెంపకమే బిడ్డ భవిష్యత్తును తీర్చిదిద్దుతుందన్న మాట అన్ని జాతులలోనూ ఉన్నదే. అయితే ఆ పెంపకంలోని ఏ అంశం, ఏ వయసులో, ఏ విధంగా పనిచేస్తుందన్న విషయం గడచిన డెబ్బయి, ఎనభై ఏళ్ళ పరిశోధనల వల్లనే స్పష్టమైంది. సరిహద్దు జిల్లాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ విషయం మరింత ముఖ్యం. ఇంట తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో, బడిలో ఇంగ్లీషు ఉన్నచోట "పసిబిడ్డతో ఏ భాషలో మాట్లాడాలి?" అన్న సందేహం తల్లులకు సహజంగానే కలుగుతుంది. కొందరు తమకు సరిగా రాని బడి భాషలో మాట్లాడబోయి, చివరకు బిడ్డతో మాట్లాడడమే తగ్గించుకుంటున్నారు. బిడ్డకు మేలు చేయాలన్న తపనే ఇక్కడ కీడుగా పరిణమిస్తున్నది. అందుచేత శాస్త్రం చెబుతున్న విషయాలను ఒక క్రమంలో తెలుసుకోవడం అవసరం.

తొలి రెండేళ్ళలో మెదడు

పుట్టిన బిడ్డ మెదడు బరువు సుమారు 350 గ్రాములు. ఇది పెద్దవారి మెదడులో దాదాపు నాలుగవ వంతు. రెండేళ్ళు నిండేసరికి అది పెద్దవారి మెదడు పరిమాణంలో ముప్పాతిక వంతుకు చేరుకుంటుంది. ఈ కాలంలో నాడీకణాల మధ్య సంబంధాలు అత్యంత వేగంగా ఏర్పడతాయి. తరచుగా ఉపయోగపడే సంబంధాలు బలపడతాయి, ఉపయోగపడనివి క్రమంగా తొలగిపోతాయి. బిడ్డ చూసే ముఖం, వినే గొంతు, పొందే స్పర్శ ఏవి ఉపయోగపడేవో నిర్ణయిస్తాయి. తల్లి లాలనకు అంతటి ప్రాధాన్యం రావడానికి మూలకారణం ఇదే.

ఆకలి తీరితే చాలదు

పాలిచ్చి ఆకలి తీరుస్తుంది కనుకనే బిడ్డ తల్లిని అంటిపెట్టుకొని ఉంటుందని ఒకప్పుడు పండితులు భావించేవారు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో కోతిపిల్లలపై చేసి 1958లో ప్రకటించిన ప్రయోగాలు ఈ అభిప్రాయాన్ని మార్చివేశాయి. ఆయన ఇనుప తీగతో ఒక బొమ్మను, మెత్తని గుడ్డ చుట్టిన మరొక బొమ్మను 'తల్లులు'గా ఉంచాడు. పాలసీసా తీగబొమ్మకు అమర్చినప్పటికీ, పిల్లలు పాలు తాగినంతసేపే అక్కడ ఉండి, మిగిలిన కాలమంతా గుడ్డబొమ్మనే కరచుకొని గడిపాయి. అంతకుముందే 1951లో బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు సమర్పించిన నివేదికలో, పసివారి మానసిక ఆరోగ్యానికి ఆత్మీయమైన, ఎడతెగని సంరక్షణ అత్యవసరమని వివరించాడు.

మనుషుల విషయంలో దీనికి బాధాకరమైన నిదర్శనం రుమేనియా దేశం. అక్కడి పాలకుడు చౌషెస్కూ 1966లో గర్భస్రావాన్ని నిషేధించడంతో, పోషించలేని కుటుంబాల పిల్లలు లక్షకు పైగా ప్రభుత్వ శిశుగృహాల పాలయ్యారు. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలిన తరువాత ప్రపంచం వారి స్థితిని చూసింది. ఆయాలు కొద్దిమంది, పిల్లలు అనేకమంది. తిండి, పడక ఏదో ఒక మేరకు ఉన్నా, ఎత్తుకొని పలకరించే మనిషి లేడు. చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే శాస్త్రవేత్తలు బుకారెస్ట్ నగరంలో 136 మంది పసివారిని ఎంపిక చేసి, వారిలో సగం మందిని శిక్షణ పొందిన పెంపుడు కుటుంబాలలో ఉంచి, ఏళ్ళ తరబడి పరిశీలించారు. పెంపుడు తల్లుల వద్దకు చేరిన పిల్లలు తెలివితేటలలోనూ, మనుషులతో మెలగడంలోనూ మెరుగుపడ్డారు. అనేక అంశాలలో రెండేళ్ళ లోపు చేరినవారు ఎక్కువగా కోలుకున్నారు.

ఈ పరిశోధన రెండు సత్యాలను చాటుతున్నది. ఆలస్యానికి మూల్యం ఉంటుంది. అలాగే, కన్నతల్లి లేకపోయినా తల్లిలా చూసుకొనే మనిషి దొరికితే బిడ్డ కోలుకోగలదు.

పిలుపునకు బదులు

లాలన అనగా ఏమిటి? దీనికి స్పష్టమైన సమాధానం ఇచ్చినది మేరీ ఐన్స్‌వర్త్. ఆమె 1954-55లో ఉగాండా గ్రామాలలోనూ, తరువాత అమెరికాలోని బాల్టిమోర్‌లోనూ తల్లీబిడ్డలను వారి ఇళ్ళలోనే గంటల తరబడి గమనించారు. బిడ్డ చేసే సంజ్ఞను గుర్తించి, దాని అర్థం గ్రహించి, తగిన విధంగా వెంటనే స్పందించే తల్లుల పిల్లలలో 'భద్రమైన అనుబంధం' ఏర్పడుతుందని ఆమె తేల్చారు. అటువంటి పిల్లలు తల్లి దగ్గరున్నదన్న ధైర్యంతో దూరంగా పాకి వెళ్ళి కొత్త వస్తువులను పరీక్షిస్తారు, భయం వేస్తే తిరిగి వచ్చి ఒడిలో చేరతారు.

"ఏడ్చినప్పుడల్లా ఎత్తుకుంటే ఎత్తుమరుగుతాడు" అని మన ఇళ్ళలో పెద్దలు హెచ్చరించడం కద్దు. బాల్టిమోర్ పరిశీలనలో కనిపించినది ఇందుకు భిన్నం. తొలి నెలలలో ఏడుపుకు త్వరగా స్పందించిన తల్లుల పిల్లలు ఏడాది చివరికి తక్కువగా ఏడ్చారు. ఏడుపుకు బదులుగా చేతి సైగలు, చిన్న చిన్న ధ్వనులు వాడడం నేర్చుకున్నారు.

స్పందన ఆగిపోతే ఏమవుతుందో ఎడ్వర్డ్ ట్రానిక్ 1978లో ప్రకటించిన ప్రయోగం చూపుతుంది. బిడ్డతో ఆడుతున్న తల్లి కొద్ది నిమిషాలపాటు ఏ భావమూ లేని ముఖంతో ఊరక చూస్తూ ఉండాలి. బిడ్డ మొదట నవ్వుతుంది, చేతులు చాపుతుంది, కేకలు వేస్తుంది. ఫలితం లేకపోతే ముఖం తిప్పుకొని ముడుచుకుపోతుంది. తల్లి మరల పలకరించగానే తేరుకుంటుంది. తప్పిపోయిన స్పందనను మరల అందుకోవడంలోనే అనుబంధం బలపడుతుంది కనుక, ఒకటి రెండుసార్లు విసుక్కున్న తల్లి కుమిలిపోనవసరం లేదు. కానీ రోజంతా సెల్‌ఫోన్‌లో తల దూర్చిన తల్లిదండ్రుల ముఖం బిడ్డకు ఎలా కనబడుతుందో ఆలోచించదగినదే.

తల్లి గొంతు, తల్లి భాష

బిడ్డ తల్లి గొంతును గర్భంలోనే వింటుంది. పుట్టిన మూడు రోజుల లోపు శిశువులు తమ తల్లి గొంతు వినిపించేందుకు వీలుగా పాలపీక చప్పరించే తీరును మార్చుకున్నారని డికాస్పర్, ఫైఫర్ అనే పరిశోధకులు 1980లో నిరూపించారు.

మన వర్ణమాలతో సంబంధమున్న మరొక పరిశోధన ఉన్నది. జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రకటించిన అధ్యయనంలో ఇంగ్లీషు కుటుంబాల శిశువులకు హిందీలోని 'త', 'ట' ధ్వనులను వినిపించారు. ఇంగ్లీషులో ఈ భేదం లేదు. అయినా ఆరేడు నెలల పిల్లలు రెండింటినీ వేరుగా గుర్తించారు. ఏడాది నిండే వేళకు ఆ శక్తి చాలావరకు తగ్గిపోయింది. బిడ్డ చెవి ప్రపంచ భాషలన్నింటికీ తెరచుకొని ఉండి, తొలి ఏడాదిలోనే ఇంటి భాషకు అనువుగా స్థిరపడుతుందన్నమాట.

ఆ భాషను యంత్రం నేర్పగలదా? పెట్రీషియా కూల్ బృందం 2003లో తొమ్మిది నెలల అమెరికన్ శిశువులకు చైనా భాషను వినిపించింది. ఎదుట కూర్చున్న మనిషి ఆడిస్తూ మాట్లాడినప్పుడు పిల్లలు ఆ ధ్వనులను పట్టుకున్నారు. అవే మాటలను తెరపై చూపినప్పుడు ఏమీ నేర్వలేదు. ఏడాదిలోపు పిల్లలకు తెర చూపనే వద్దనీ, రెండేళ్ళ వయసులో గంటకు మించరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

మన సరిహద్దు ఇళ్ళకు దీని నుండి వచ్చే పాఠం ఏమిటి? తల్లి తనకు ఏ భాషలో నవ్వడం, కోప్పడడం, కథ చెప్పడం, కబుర్లాడడం తేలికగా వచ్చునో ఆ భాషలోనే బిడ్డతో మాట్లాడాలి. కోలారులోనైనా, హోసూరులోనైనా, రాయగడలోనైనా, సోలాపురంలోనైనా ఇంటి తెలుగు బడి చదువుకు అడ్డు కాదు. రెండు భాషలు వినడం వలన బుద్ధిమాంద్యం గాని, భాషాలోపం గాని కలుగదు. రెండింటి పదాలు కలిపి మాట్లాడడం నేర్చుకొనే దశలో సహజం. ఇంట్లో ఒక భాషలో కథ చెప్పగలిగిన పిల్లవాడు, బడిలో మరొక భాషలో కథ చెప్పడం త్వరగా అందుకుంటాడు. ఒకటవ తరగతి ఉపాధ్యాయునికి ఇది అనుభవంలోని విషయమే. వరుస, కారణం, పోలిక అనేవి ఏ భాషలో నేర్చినా మరొక భాషకు తోడువస్తాయి.

చదువురాని తల్లి, తీరికలేని తల్లి

"మేము చదువుకోలేదు, బిడ్డకు ఏమి నేర్పగలం?" అనే తల్లులకు జమైకా అనుభవం ధైర్యాన్నిస్తుంది. కింగ్‌స్టన్ నగరంలోని పేదవాడలలో 1986-87లో ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసివారితో శాలీ గ్రంథామ్-మెక్‌గ్రెగర్ బృందం అధ్యయనం ప్రారంభించింది. కొన్ని ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్త వారానికొకసారి గంటసేపు వెళ్ళి, ఇంట్లో తయారైన బొమ్మలతో బిడ్డను ఎలా ఆడించాలో, ఎలా మాట్లాడించాలో తల్లికి చూపేది. ఇది రెండేళ్ళు సాగింది. ఇరవై ఏళ్ళ తరువాత చూడగా, ఆ పిల్లల సంపాదన అటువంటి సహాయం అందనివారి కంటె 25 శాతం అధికంగా ఉన్నట్లు 2014లో వెల్లడైంది.

ఇదే పద్ధతిని మన పొరుగున ఒడిశాలోని కటక్ నగరంలో 54 మురికివాడలలో 421 మంది పిల్లలతో పరీక్షించారు. 18 నెలల పాటు స్థానిక మహిళలే ఇళ్ళకు వెళ్ళి చూపిన ఆటల వలన పిల్లల గ్రహణశక్తి మెరుగుపడింది. ఖరీదైన బొమ్మలు గాని, పెద్ద చదువులు గాని అక్కరలేకపోయింది.

సోలాపురంలో బీడీలు చుట్టే తెలుగు తల్లికి బిడ్డతో కూర్చొనే తీరిక ఎక్కడిది? కానీ చేతులకు పని ఉన్నా నోటికి విరామముంటుంది. చేస్తున్న పనిని చెప్పడం, ఆకులు లెక్కపెట్టడం, బిడ్డ కూసిన కూతకు బదులు కూయడం పనిలో పనిగా సాగవచ్చు. అయితే పొగాకు ధూళి బిడ్డకు హానికరం కనుక, దానికి దూరంగా గాలి వచ్చేచోట బిడ్డను ఉంచాలి.

తల్లిపై నింద తగదు

పెంపకం ముఖ్యమని చెప్పడం ఒకటి, ప్రతి లోపానికీ తల్లిని దోషిగా నిలబెట్టడం మరొకటి. ఆటిజం తల్లి ప్రేమరాహిత్యం వలన వస్తుందన్న వాదం ఒకప్పుడు బలంగా ఉండేది. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో వెలువరించిన గ్రంథం దానికి ప్రచారం కల్పించింది. అది పూర్తిగా తప్పని తేలింది. అది మెదడు ఎదుగుదలకు సంబంధించిన స్థితి, దానిలో జన్యువుల పాత్ర అధికం.

అలాగే, బిడ్డకు ఒక్క తల్లి తప్ప మరొకరు పనికిరారన్నదీ నిజం కాదు. మైకేల్ రటర్ 1972లో ప్రకటించిన గ్రంథంలో, పిల్లలు పలువురితో అనుబంధం పెంచుకోగలరని వివరించాడు. తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ, మేనత్త, అంగన్‌వాడీ కార్యకర్త వీరందరూ ఆ వలయంలోని వారే.

పురుడు వచ్చిన తరువాత వారాల తరబడి దిగులు, నిద్రలేమి, బిడ్డపై అనాసక్తి కనిపిస్తే అది గయ్యాళితనమో సోమరితనమో అనుకోరాదు. అది ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు. చికిత్సకు లొంగుతుంది. పాకిస్తాన్‌లోని రావల్పిండి గ్రామాలలో సాధారణ ఆరోగ్య కార్యకర్తలే శిక్షణ పొంది ఇటువంటి తల్లులతో మాట్లాడగా, కుంగుబాటు సగానికి పైగా తగ్గినట్లు 2008లో ప్రకటితమైంది. బిడ్డను తల్లి చూసుకోవాలంటే తల్లిని ఇల్లు చూసుకోవాలి.

వయసుల వారీగా చేయదగినవి

పుట్టినది మొదలు ఆరు నెలలు: గంటలోపే ముర్రుపాలు పట్టాలి. తేనె, బెల్లపునీరు వద్దు. ఆరు నెలల వరకు తల్లిపాలే చాలు. స్నానం చేయించేటప్పుడు, పాలిచ్చేటప్పుడు బిడ్డ కళ్ళలోకి చూస్తూ మాట్లాడాలి, జోలపాట పాడాలి.

ఆరు నెలల నుండి ఏడాది: మెత్తని ఆహారం మొదలుపెట్టి, తల్లిపాలు రెండేళ్ళ వరకు కొనసాగించాలి. బిడ్డ 'అత్త', 'తాత' అని పలికితే మరల పలికి చూపాలి. వేలు చూపిన వస్తువు పేరు చెప్పాలి.

ఏడాది నుండి మూడేళ్ళు: బిడ్డ ఒక మాట అంటే దానికి మరొక మాట చేర్చి చెప్పాలి. "పాలు" అంటే "వేడి పాలు కావాలా?" అనాలి. గిన్నెలు, గరిటెలు, గుడ్డబొమ్మలు చాలు.

మూడేళ్ళ నుండి ఆరేళ్ళు: కథ చెప్పాలి, చెప్పించాలి. "ఎందుకు?" అన్న ప్రశ్నకు విసుగు లేకుండా బదులివ్వాలి. పలకపై అక్షరాలకు తొందరపెట్టే ముందు పొడుపు కథలు, లెక్కలాటలు రావాలి.

వైద్యుని ఎప్పుడు చూపించాలి?

ఏడాదికి శబ్దాలు, సైగలు లేకపోయినా, పదహారు నెలలకు ఒక్క మాట రాకపోయినా, రెండేళ్ళకు రెండు మాటలు కలపలేకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఆలస్యం చేయరాదు. ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినది మొదలు పద్దెనిమిదేళ్ళ వరకు పిల్లలకు ఉచిత పరీక్షలు ఉన్నాయి. అంగన్‌వాడీలో గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని విచారించవచ్చు. "రెండు భాషల వల్లే మాటలు ఆలస్యం" అని ఎవరైనా చెబితే ఆ మాటతో ఊరుకోకుండా పరీక్ష చేయించడం మంచిది.

బడి ఏ రాష్ట్రంలో ఉన్నా, పాఠ్యపుస్తకం ఏ లిపిలో ఉన్నా, బిడ్డ మొదటి బడి తల్లి ఒడి. ఆ బడికి రుసుము లేదు. అక్కడ బోధించే భాషను మార్చుకోవలసిన అగత్యమూ తల్లికి లేదు. బిడ్డ పిలిచినప్పుడు తన నుడిలో తాను బదులు పలికితే చాలు. ఆ బదులు పలికేందుకు ఆమెకు ఓపిక, తీరిక కల్పించడం ఇంటిల్లిపాది బాధ్యత.