పట్నం దీపానికి నాలుగు మకాములు

చెన్నపట్నం ఊరు పెద్దదే గాని, ఓడ నిలవడానికి రేవంటూ చాలాకాలం లేదు. ఓడలు ఎక్కడో లోతున లంగరు వేసేవి. సరుకైనా మనిషైనా మసూలా పడవెక్కి, అలలు దాటి ఒడ్డున పడాల్సిందే. ఆ పడవల పలకలకు మేకులు కొట్టేవారు కాదు, కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు. అల ఎత్తి ఇసుక మీద కుదేసినా పలక విరిగేది కాదు, సాగి ఊరుకునేది. ఇలాంటి తీరంలో రాత్రిపూట దారి చూపే దీపం లేకుండానే కుంఫిణీ వాళ్ళు నూటయాభై ఏళ్ళకు పైగా నెట్టుకొచ్చారు.

1796లో కుంఫిణీ వాళ్ళ కోటలోని ఎక్స్ఛేంజి మేడ మీద కొబ్బరినూనె లాంతరు పెట్టారు. కింద వర్తకుల బేరాలు, పైన దీపం. ఆ మేడే ఇప్పటి కోట మ్యూజియం.

దీపానికి సొంత ఇల్లు కట్టించినవాడు కెప్టెన్ జె.టి. స్మిత్. మద్రాసు ఇంజినీర్ల దళంలో అధికారి. సున్నాలు, గచ్చుల మీద వికా రాసిన ఫ్రెంచి గ్రంథాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినవాడు కూడా ఇతనే. కాబట్టి కట్టడం సంగతి బాగా ఎరిగినవాడే. మా జార్జిటౌన్ అంచున, గ్రీకుల డోరిక్ పద్ధతిలో, సుమారు 125 అడుగుల ఎత్తున రాతి స్తంభం లేపాడు. 1844 జనవరి 1న దీపం వెలిగింది. అదే ఏడు అక్టోబరులో మన తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి 'క్రెసెంట్' పత్రిక పెట్టి, కుంఫిణీ ప్రభుత్వాన్ని నిలదీయడం మొదలుపెట్టాడు. రెంటికీ సంబంధం లేదు గాని, పట్నం కథలో నాకు ఈ రెండూ జంటగానే గుర్తుంటాయి.

స్తంభం వైభవం యాభై ఏళ్ళే. 1892లో పక్కనే హైకోర్టు లేచింది. దాని పెద్ద గోపురం స్తంభాన్ని మించిపోయింది. 1894 జూన్ 1 నుంచి దీపం కోర్టు నెత్తికెక్కింది. నన్నడిగితే స్తంభానికి అన్యాయమే జరిగింది. కోర్టు ఆవరణలోనే జరిగింది మరి! కింద వాదోపవాదాలు, పైన కిరసనాయిలు దీపం. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ వచ్చి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టినప్పుడు ఒక గుండు కోర్టు ప్రహరీకి తగిలింది. తగిలినచోట ఫలకం ఉంది, కావాలంటే చూడవచ్చు. ఆ దెబ్బకు జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్ళకు పరుగెత్తారు.

1977 జనవరిలో దీపం మెరీనాకు వెళ్ళిపోయింది. అక్కడిది ముక్కోణపు కాంక్రీటు కట్టడం, పైకి వెళ్ళడానికి లిఫ్టు కూడా ఉంది. చాలా ఏళ్ళు జనాన్ని రానివ్వలేదు, 2013 నవంబరులో మళ్ళీ తెరిచారు. పిల్లలు టిక్కెట్టు కొనుక్కుని ఎక్కుతున్నారు. సముద్రం మీది వాళ్ళకు పది సెకన్లకోసారి రెండు మెరుపులు కనిపిస్తాయి.

దీపం మైలాపూరు వైపు తరలిపోయినా, అంతకుముందే కట్టిన రేవు మాత్రం మా వీధుల పక్కనే ఉండిపోయింది. కంటైనర్ లారీల రొదా దుమ్మూ మా వంతు.