ఓటు యంత్రం పుట్టుక: హైదరాబాదు కర్మాగారం నుంచి భోపాల్‌పట్నం పోలింగ్ కేంద్రం దాకా

ఇంద్రావతి గోదావరిలో కలిసే సంగమానికి చేరువలో, తెలంగాణ, మహారాష్ట్ర సరిహద్దుల దాపున ఉన్న భోపాల్‌పట్నం ఒకప్పుడు బస్తర్ సంస్థానంలో జమీందారీగా ఉండి, నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బీజాపూర్ జిల్లాలో భాగమైంది. తెలుగు, గోండీ, హల్బీ, హిందీ కలగలిసి వినిపించే ఈ సీమలో పోలింగ్ జరపడమంటే వాగులు, అడవి దారులు దాటి ఊరూరికీ సామగ్రి చేర్చడం, విద్యుత్తు అందని చోట్ల కూడా పని నడిపించడం, అక్షరం రాని ఓటరు సైతం తన ఎంపికను తానే, రహస్యంగా నమోదు చేసుకొనేలా చూడడం. ఇన్ని షరతులకు ఒదిగే పరికరం అంగట్లో సిద్ధంగా దొరకదు. అవసరం తెలిసినా సాంకేతిక విద్య లేని సంస్థ ఒకటి నిపుణులను వెతికి, తనకు కావలసిన పరికరాన్ని వారిచేత ప్రత్యేకంగా చేయించుకున్న తీరుకు భారతీయ ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం చరిత్ర మేలైన నిదర్శనం; ఆ చరిత్రలో తొలి అంకం జరిగింది తెలుగు నేల మీదనే.

యంత్రం ఆలోచన 1977లో ఎన్నికల సంఘంలో పుట్టింది. అప్పటి పద్ధతిలో నియోజకవర్గానికొక తీరు బ్యాలెట్ పత్రం ముద్రించవలసి వచ్చేది. ముద్ర సరిగా పడని ఓట్లు చెల్లకుండా పోయేవి. లెక్కింపు గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి సాగేది. పోలింగ్ కేంద్రాన్ని ఆక్రమించినవారు పత్రాల కట్టలను క్షణాల్లో గుద్ది పెట్టెలో వేసేవారు. ఈ చిక్కులను తీర్చే యంత్రాన్ని రూపొందించే బాధ్యతను సంఘం హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్‌కు, అంటే ఈసీఐఎల్‌కు అప్పగించింది.

ఆ సంస్థను ఎంచుకోవడానికి తగిన పూర్వరంగం ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావు, అనగా ఏ.ఎస్.రావు, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోనూ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లోనూ చదివి, హోమీ భాభా నేతృత్వంలోని అణుశక్తి కార్యక్రమంలో ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని తీర్చిదిద్దారు. 1956లో పనిచేయడం మొదలుపెట్టిన దేశపు తొలి అణు రియాక్టర్ అప్సరకు కావలసిన నియంత్రణ వ్యవస్థను విదేశాల నుంచి తెప్పించుకోకుండా ఆ విభాగమే సమకూర్చింది. ఒక శాస్త్రవేత్తకు అవసరమైన కొలత పరికరాన్ని, అతనితో కూర్చొని అవసరం తెలుసుకొని తయారుచేసి ఇచ్చే ఆ అలవాటే 1967 ఏప్రిల్‌లో హైదరాబాదులో ఈసీఐఎల్ రూపం దాల్చింది. అణు పరికరాలతో మొదలైన ఆ సంస్థ కంప్యూటర్లకు, టెలివిజన్లకు విస్తరించింది గనుక, ఎన్నికల సంఘం తలుపు తట్టేనాటికి వినియోగదారుని కోరికను ఎలక్ట్రానిక్ సర్క్యూట్ పథకంగా మార్చగల నైపుణ్యం అక్కడ స్థిరపడి ఉంది.

1979 నాటికి తయారైన నమూనాను, అనగా భారీ ఉత్పత్తికి ముందు పరీక్ష కోసం చేసే తొలి ప్రతిని, 1980 ఆగస్టు 6న ఎన్నికల సంఘం రాజకీయ పక్షాల ప్రతినిధుల ముందు ప్రదర్శించింది. స్థూలంగా అంగీకారం కుదిరాక బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ కూడా ఈ పనిలో చేరింది. యంత్రాన్ని రెండు భాగాలు చేశారు: ఓటరు మీట నొక్కే బ్యాలెట్ యూనిట్ తెర చాటున ఉంటుంది, ఓట్లను జ్ఞాపకంలో దాచుకొనే కంట్రోల్ యూనిట్ ప్రిసైడింగ్ అధికారి దగ్గర ఉంటుంది, రెంటినీ అయిదు మీటర్ల తీగ కలుపుతుంది. అధికారి ఒకసారి అనుమతిస్తే ఒక్క ఓటే పడుతుంది. నిమిషానికి కొద్ది ఓట్లకు మించి నమోదు కావు గనుక కేంద్రాన్ని ఆక్రమించినవారి చేతివాటం సాగదు. ఆపద వచ్చినప్పుడు అధికారి ముగింపు మీట నొక్కితే ఆ తర్వాత యంత్రం ఓటు తీసుకోదు. విద్యుత్తుతో నిమిత్తం లేకుండా బ్యాటరీతోనే పనిచేయడం, అభ్యర్థి పేరు పక్కనే గుర్తు ఉండడం అనేవి మారుమూల ఓటరును లెక్కలోకి తీసుకొన్న నిర్ణయాలు. ఓటరు చేతికీ కంటికీ ఇమిడేలా యంత్రాన్ని మలచిన పారిశ్రామిక రూపకల్పనలో బొంబాయి ఐఐటీలోని ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్ అధ్యాపకులు పాలుపంచుకున్నారు.

పనిచేసే యంత్రం ఉన్నంత మాత్రాన దానిని వాడే అధికారం సిద్ధించదని తరువాతి ఘట్టం తెలిపింది. 1982 మే 19న కేరళలోని పరూర్ శాసనసభ నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాల్లో యంత్రాలను తొలిసారి వాడగా, ఆ ఎన్నికపై నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1984లో, చట్టంలో ఏర్పాటు లేకుండా యంత్రాలతో ఓటింగ్ జరపడం చెల్లదని తీర్పు చెప్పింది. పార్లమెంటు 1988 డిసెంబరులో ప్రజాప్రాతినిధ్య చట్టానికి 61ఏ సెక్షన్‌ను జోడించగా, అది 1989 మార్చి 15 నుంచి అమలులోకి వచ్చింది. దినేశ్ గోస్వామి అధ్యక్షతన ఏర్పడిన ఎన్నికల సంస్కరణల సంఘం 1990లో యంత్రాన్ని సాంకేతిక నిపుణులచేత పరిశీలింపజేయాలని సూచించడంతో, ఎస్. సంపత్ నాయకత్వంలో పి.వి. ఇందిరేశన్, సి. రావు కాసరబాద సభ్యులుగా ఏర్పడిన బృందం అదే ఏడాది ఏప్రిల్‌లో వాడకానికి ఏకగ్రీవంగా సిఫారసు చేసింది. తయారు చేసిన నిపుణులు ఒకరు, పరీక్షించి మాట చెప్పిన నిపుణులు వేరొకరు కావడం ఇక్కడ గమనించవలసిన విశేషం.

1998 నవంబరులో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీలలోని 16 శాసనసభ నియోజకవర్గాల్లో యంత్రాలను వాడారు. భోపాల్‌పట్నం అప్పటికి మధ్యప్రదేశ్‌లోనిదే. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడి, 2003లో ఆ రాష్ట్రానికి తొలి శాసనసభ ఎన్నికలు జరిగినప్పుడు ఓటింగ్ యంత్రాలతోనే జరిగాయి. 2004లో లోక్‌సభలోని 543 స్థానాలకూ అవే వాడుకలోకి వచ్చాయి. బీజాపూర్ జిల్లాలోని లోతట్టు కేంద్రాలకు హెలికాప్టర్లలో సిబ్బందిని, యంత్రాలను చేర్చవలసిన పరిస్థితుల్లో బ్యాటరీతో నడిచే ఈ పెట్టె ఎంత ముందుచూపుతో రూపొందిందో స్పష్టమవుతుంది.

యంత్రం మీద సందేహాలు కూడా దానిని మెరుగుపరచాయి. 2010లో హైదరాబాదుకు చెందిన హరిప్రసాద్, అమెరికా ఆచార్యుడు జె. అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రోప్ గాంగ్రైప్ తమకు దొరికిన ఒక యంత్రాన్ని విప్పి పరిశీలించి, అది చేతికి చిక్కినవారు ఫలితాన్ని మార్చగలరని చూపారు. సీళ్లు, కాపలా వంటి పాలనాపరమైన కట్టుదిట్టాలు అటువంటి అవకాశం ఇవ్వవని ఎన్నికల సంఘం బదులిచ్చింది. పడిన ఓటును కాగితంపై ముద్రించి ఓటరుకు ఏడు సెకన్లపాటు చూపే వీవీప్యాట్ అనే పరికరం ఆ కాలపు చర్చల నుంచే ఎదిగింది. దానిని 2011 జూలైలో తిరువనంతపురం, ఢిల్లీ, జైసల్మేర్, చిరపుంజి, లేహ్‌లలో, అంటే ఉక్క, ఎండ, వాన, చలి అన్నిటిలోనూ పరీక్షించి, బయటపడిన లోపాలు సరిదిద్ది, 2012లో మళ్లీ పరీక్షించి, 2013 సెప్టెంబరులో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో తొలిసారి వాడారు.

ఈ చరిత్ర తేల్చి చెప్పేది ఒక్కటే: ప్రత్యేక పరికరం కోసం నిపుణుని ఆశ్రయించేవారు పని మొత్తాన్ని అతనికి వదిలివేసి ఊరుకుంటే ఫలితం దక్కదు. తమ అవసరాన్ని, దానిని వాడబోయే మనిషిని, అది పనిచేయవలసిన చోటును స్పష్టంగా చెప్పగలిగినప్పుడే నిపుణత సార్థకమవుతుంది. నమూనాను బహిరంగంగా పరీక్షకు పెట్టి, వేరొక నిపుణునిచేత తనిఖీ చేయించి, విమర్శను ఆలకించినప్పుడే పరికరానికి నమ్మకం లభిస్తుంది. సాగునీటికి గానీ వైద్యానికి గానీ చదువుకు గానీ కొత్త పరికరం కోరే గోదావరీ తీర గ్రామాలు, వాటికి సాయపడదలచిన తెలుగు ఇంజనీర్లు, ఇంజనీరింగ్ కళాశాలలు ఈ క్రమాన్నే అనుసరించాలి.