ఇద్దరు వేణుమాధవులు



వేణుమాధవ్ అనగానే ఈ కాలం పిల్లలకు సినిమాల్లో నవ్వించిన కోదాడ అబ్బాయి గుర్తుకొస్తాడు. మా అమ్మ తరం వాళ్ళకు మాత్రం ఓరుగల్లు నేరెళ్ళ వేణుమాధవ్ గారే. మా ఖమ్మానికి ఒకవైపు వరంగల్లు, ఇంకోవైపు కోదాడ. ఇద్దరూ గొంతును నమ్ముకుని పైకొచ్చిన వాళ్ళు. ఇవాళ వాళ్ళ సంగతి, ముఖ్యంగా పెద్దాయన సంగతి చెప్పుకుందాం.

గొంతు మార్చి నవ్వించడం మనకు సినిమాలతో వచ్చిన విద్య కాదండీ. తోలుబొమ్మలాట ఉంది కదా! ముందు తెల్లటి తెర, వెనక దీపం, తోలుబొమ్మ, ఆ బొమ్మకు వెనకనుంచి మాట. రావణాసురుడై గర్జించిన నోరే కాసేపటికి కేతిగాడై కిచకిచలాడేది. బంగారక్క, జుట్టుపోలిగాడు తెరమీదికొచ్చారంటే నిద్రలో జోగుతున్న పిల్లలు కూడా లేచి కూర్చునేవారట. ఇప్పుడు కార్టూను బొమ్మలకు తెలుగులో మాటలు చెప్పేవాళ్ళు చేస్తున్నదీ ఆ పనే. 2019లో లయన్ కింగ్ సినిమా తెలుగులో వచ్చినప్పుడు అడవిపంది పుంబాకు బ్రహ్మానందం, దాని నేస్తం టిమోన్‌కు ఆలీ గొంతులిచ్చారు. పేరున్న నటులు కనక ఆ ముచ్చట తెలిసింది. రోజూ మన పిల్లల చేత నాలుగు ముద్దలు తినిపిస్తున్న ఆ టీవీ గొంతులు ఎవరివో మనలో ఎందరికి తెలుసు చెప్పండి?

నేరెళ్ళ వారు 1932 డిసెంబరు 28న వరంగల్లు మట్టెవాడలో పుట్టారు. అప్పటికి అది నిజాం రాజ్యం. బజారుకెళితే తెలుగు, ఉర్దూ రెండూ చెవిన పడేవి. వినే చెవి ఉన్నవాడికి అంతకంటే బడి ఏం కావాలి? చిత్తూరు నాగయ్య గారి మెత్తటి పలుకు మొదలు సినిమా వాళ్ళ గొంతులు, నాయకుల ఉపన్యాసాలు పట్టేశారు. కొన్నాళ్ళు ఉపాధ్యాయుడిగా పనిచేశారు కూడా. ఇంగ్లీషు సినిమా దృశ్యాన్ని మాటలూ, చప్పుళ్ళూ, వెనక వాయిద్యాలూ అన్నీ కలిపి ఒక్క నోటితో వినిపించేవారు. 1971లో ఐక్యరాజ్య సమితి కార్యాలయంలో ప్రదర్శన ఇచ్చారు. 1972 నుంచి 1978 దాకా శాసనమండలి సభ్యులు. 2001లో పద్మశ్రీ. తిరునాళ్ళలో కాలక్షేపం అనుకున్నదాన్ని తెలుగు విశ్వవిద్యాలయంలో పాఠంగా చెప్పించిన ఘనత ఆయనది. నన్నడిగితే బిరుదులన్నిటికంటే అదే పెద్దది.

ఆ విద్యలో గొంతు సగమేనండీ. మనిషి ఎక్కడ ఊపిరి పీలుస్తాడు, ఏ మాట ముక్కుతో అంటాడు, దేనికి ముందు ఆగుతాడు, ఇవన్నీ పట్టాలి. అంటే ఆ మనిషిని ఎంతో శ్రద్ధగా విని ఉండాలన్నమాట. వినకుండా చేస్తే అది వెక్కిరింత.

ఈ తేడా నాకు తెలిసింది మా అమ్మ వల్ల. నాకు పదేళ్ళప్పుడు భద్రాచలం వైపు చుట్టాలింటికి వెళ్ళాం. సంతలో ఒక కోయ ఆమె చింతపండు, తేనె పెట్టుకుని కూర్చుంది. ఆమె తెలుగు నాకు తమాషాగా తోచింది. ఇంటికొచ్చి అచ్చం ఆమెలాగే బేరమాడి చూపించాను. అందరూ పడీపడీ నవ్వారు. అమ్మ ఒక్కతే నవ్వలేదు. "ఆమె ఇంట్లో కోయ మాట్లాడి, సంతకొచ్చి నీకోసం తెలుగు మాట్లాడుతోంది. నీకెన్ని భాషలొచ్చు?" అంది. అంతే, నోరు పెగల్లేదు. ఇప్పటికీ మైకు ముందు కూర్చుంటే ఆ మాటే ముందు వినిపిస్తుంది.

ఇక చిన్నాయన. కోదాడలో మిమిక్రీతోనే మొదలుపెట్టాడు. 1996లో సంప్రదాయం సినిమాతో తెరమీదికొచ్చాడు. తొలిప్రేమ, దిల్... అన్నీ చెబితే నా సమయం చాలదు. లక్ష్మి సినిమాకు హాస్యనటుడిగా నంది బహుమతి వచ్చింది. 2004లో వచ్చిన సై సినిమాలో నల్లబాలు వేషం నాకు ప్రత్యేకం. మన సినిమాల్లో చాలాకాలం తెలంగాణ యాసంటే రౌడీకో, పనివాడికో, నవ్వులాటకో. ఇక్కడా రౌడీ వేషమే, నవ్వులాటే. దాని మీద నాకు కోపం లేకపోలేదు. కానీ ఈ అబ్బాయి ఆ యాసను బయటినుంచి తెచ్చుకోలేదు, దాంట్లోనే పెరిగాడు. అంచేత మాటకు మాట అతికింది.

నేరెళ్ళ వారు 2018 జూన్ 19న పోయారు. కోదాడ వేణుమాధవ్ ఆ మరుసటేడు సెప్టెంబరు 25న, యాభై ఏళ్ళయినా నిండకుండానే. ఆ రాత్రి టీవీలో అతని సినిమా ముక్కలు వేస్తుంటే మా పిన్నత్తగారు పక్కగదిలో పడుకుని వింటున్నారు. ఆవిడకు చూపు సరిగా ఆనదు. చచ్చిపోయిన నటుడని తెలియక, "ఎవరే ఆ పిలగాడు, మనూరి మాటలెక్క ఉంది, లోపలికి రమ్మనరాదూ" అన్నారు.