ఫుల్‌వారీలు

ఫుల్‌వారీలు మధ్య, తూర్పు భారత గ్రామాల్లో ఆరు నెలలు నిండి మూడేళ్లు దాటని పిల్లలను పగటిపూట చూసుకుంటూ, వండిన తిండి పెట్టి, జ్వరం, విరేచనాల వంటివాటికి మొదటి చికిత్స అందేలా చూసే పల్లె కేంద్రాలు. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా గనియారీలో పనిచేసే జన స్వాస్థ్య సహయోగ్ అనే స్వచ్ఛంద సంస్థ వీటిని 2006 ప్రాంతంలో మొదలుపెట్టింది. తర్వాత ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, ఒడిశా, బీహార్‌లలో పనిచేస్తున్న కొన్ని సంస్థలు కూటమిగా ఏర్పడి ఇదే పద్ధతిని క్రెష్‌ల పేరుతో చేపట్టాయి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఫుల్‌వారీ అన్న పేరునే తన పథకానికి పెట్టుకుంది. ఈ కేంద్రాలు రాష్ట్ర పథకంతోనే పుట్టినట్టు రాసిన చోట్లు లేకపోలేదు. కాలక్రమం చూస్తే గనియారీ ప్రయత్నమే ముందుది.

నేపథ్యం

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) కింద అంగన్‌వాడీకి వచ్చి కూర్చుని తినేది ప్రధానంగా మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు. మూడేళ్ల లోపు వాళ్లకు ఇంటికి ఇచ్చే సరుకే దిక్కు. ఆ సరుకు ఇల్లు చేరాక ఇంటిల్లిపాదీ పంచుకుంటారు. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. అసలు చిక్కు మరోచోట ఉంది. ఏడాది బిడ్డ ఒక పూటకు తినేది గుప్పెడు. రోజుకు నాలుగైదు సార్లు కూర్చోబెట్టి తినిపిస్తే తప్ప చాలదు. ఆ తినిపించాల్సిన తల్లి నాట్లలోనో కలుపులోనో ఉంటుంది, ఎండాకాలమైతే ఇప్పపూల కోసం, తునికాకు కోసం అడవిలో ఉంటుంది. బిడ్డను వెంట తీసుకుపోవాలి, లేదా ఏడెనిమిదేళ్ల అక్కకు అప్పగించాలి. అక్కకు అప్పగిస్తే ఆమె బడి పోయినట్టే. పోషకాహార లోపం మీద వచ్చిన సాహిత్యంలో ‘తల్లుల అవగాహనా లోపం’ అన్న మాట తరచుగా కనబడుతుంది. ఈ కేంద్రాలను నడిపినవారు మాత్రం తల్లికి తీరిక లేకపోవడాన్నే ముందు పెట్టారు. వారి వాదనకే ఎక్కువ ఆధారం ఉన్నట్టు తోస్తుంది.

పనిచేసే తల్లుల పిల్లలకు కేంద్రాలు నడపడం అంతకు ముందు లేనిదేమీ కాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షురాలిగా 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు, స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటు ఇచ్చి సేవలు నడిపించే పద్ధతికి జాతీయ స్థాయిలో బాట వేసింది. క్రెష్‌లకు గ్రాంట్లు ఆ దారినే వచ్చాయి. 1969లో ఢిల్లీ రాజ్‌ఘాట్ దగ్గర గాంధీ శతజయంతి ప్రదర్శన నిర్మాణ స్థలంలో కూలీల పసిపిల్లలు దుమ్ములో పడి ఉండడం చూసి మీరా మహాదేవన్ ‘మొబైల్ క్రెషెస్’ ప్రారంభించారు. అది నగర నిర్మాణ కూలీల కోసం. గ్రామీణ ఉపాధి హామీ చట్టం (2005) మాత్రం ఆరేళ్ల లోపు పిల్లలు అయిదుగురు, అంతకు మించి పనిచోటికి వస్తే వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను కూలి ఇచ్చి నియమించాలంది. ఆ నిబంధన అమలు అంతంత మాత్రమే.

గనియారీ

ఢిల్లీ ఎయిమ్స్‌లో చదువుకున్న కొందరు వైద్యులు జన స్వాస్థ్య సహయోగ్‌ను 1996లో రిజిస్టరు చేశారు. వారిలో యోగేశ్ జైన్, రమణ్ కటారియా, అనురాగ్ భార్గవ తదితరులున్నారు. ఆసుపత్రి ఆరంభం 1999 అని కొన్ని చోట్ల, 2000 అని మరికొన్ని చోట్ల కనబడుతుంది. రోగులను చూడడం మొదలైన కాలాన్ని లెక్కలోకి తీసుకుంటే రెండోదే సరిపోతుంది. నీటిపారుదల శాఖ వదిలేసిన క్వార్టర్లే ఆసుపత్రి భవనాలయ్యాయి. అచానక్‌మార్ అడవి అంచున శివ్‌తరాయి, బమ్హనీ, సెమరియా గ్రామాల్లో ఉపకేంద్రాలు వెలిశాయి.

ఈ ఉపకేంద్రాల పరిధిలో మలేరియా పరీక్షకు వాళ్లు కనిపెట్టిన ఉపాయం చాలాసార్లు ఉదాహరణగా చెబుతుంటారు. ఊళ్లోని ఆరోగ్య కార్యకర్త రక్తపు చుక్కను గాజు పలక మీద రాసి, సబ్బుపెట్టెలో పెట్టి, గనియారీ వైపు వెళ్లే బస్సులో పంపేది. డ్రైవరో కండక్టరో దాన్ని ఆసుపత్రి దగ్గర దించేవాడు. ఫలితం కాగితం తిరుగు బస్సులో ఊరు చేరేది. ఖర్చు దాదాపు శూన్యం. ప్రభుత్వ పద్ధతిలో అదే ఫలితం రావడానికి రోజులూ వారాలూ పట్టేది.

ఆహారం వైపు సంస్థ దృష్టి మళ్లడానికి క్షయ రోగుల బరువులు ఒక కారణం. 2004-2009 మధ్య గనియారీలో నమోదైన 1,695 మంది వయోజన రోగుల వివరాలను అనురాగ్ భార్గవ బృందం 2013లో ప్రచురించింది. చికిత్స మొదలయ్యేనాటికి మగవారి మధ్యస్థ బరువు 42.1 కిలోలు, ఆడవారిది 34.1 కిలోలు. మందులు ఉచితంగా ఇచ్చినా పొయ్యి వెలగని ఇంట్లో అవి పనిచేసే తీరు వేరుగా ఉంటుందని అక్కడి వైద్యులకు అప్పటికే అనుభవం. పసిపిల్లల విషయంలో దానికి సమాధానమే ఫుల్‌వారీ.

నడిచే తీరు

గనియారీ నమూనాలో కేంద్రానికి ప్రత్యేక భవనం ఉండదు. ఊళ్లో ఎవరి ఇంట్లోనో ఒక గది, ముందు వాకిలి. పది మంది పిల్లలకు ఒక ఆయా చొప్పున, తల్లులే కూర్చుని అదే ఊరి మహిళను ఎంచుకుంటారు. ఆమెకు సంస్థ జీతం ఇస్తుంది. తల్లులు పనికి వెళ్లే వేళకు తెరిచి, తిరిగి వచ్చే వేళకు మూస్తారు. ఉదయం, సాయంత్రం సత్తుపిండి కలిపి పెడతారు. మధ్యాహ్నం నూనె కలిపిన పప్పూబియ్యం పులగం. నూనె ఎందుకంటే, చిన్న పొట్టలో పట్టే కొద్దిపాటి తిండికే ఎక్కువ శక్తి చేకూర్చడానికి. ఐరన్ చుక్కలు, నులిపురుగుల మందు, నెలనెలా బరువు తూయడం కూడా ఆ గదిలోనే.

వైద్యం సంగతి వ్యాసాల్లో ఒక వాక్యంతో సరిపెడుతుంటారు గాని, తెలుసుకోదగిన భాగం అదే. రోజంతా పది మంది పిల్లలు ఒకరి కళ్లముందు ఉంటే, ఒకడు పొద్దుటినుంచి తినడం లేదనో, ఒళ్లు కాలుతోందనో మధ్యాహ్నానికల్లా తెలిసిపోతుంది. ఆరోగ్య కార్యకర్త ఆ వీధిలోనే ఉంటుంది, ఓఆర్ఎస్ చేతిలో ఉంటుంది, మలేరియా అనుమానమైతే సబ్బుపెట్టె ఉంది. ఇలా వంటగదీ ఆసుపత్రీ ఒకే సంస్థ చేతిలో ఉండడం గనియారీకి కలిసొచ్చిన విషయం. మరోచోట దీన్ని నెలకొల్పాలనుకున్నవారికి చిక్కు వచ్చిపడింది కూడా అక్కడే.

సంస్థల కూటమి

ఆ చిక్కుకు విరుగుడుగా వచ్చింది ‘యాక్షన్ అగైనెస్ట్ మాల్‌న్యూట్రిషన్’ అనే కార్యక్రమం. పబ్లిక్ హెల్త్ రిసోర్స్ సొసైటీ, ఏక్‌జుట్, చౌపాల్, ఐడియా, సిని (చైల్డ్ ఇన్ నీడ్ ఇన్‌స్టిట్యూట్) కలిసి 2010 దశకం తొలి సంవత్సరాల్లో బీహార్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, ఒడిశా రాష్ట్రాల్లోని ఏడు బ్లాకుల్లో దీన్ని నడిపాయి. ఏ సంస్థ బలం దానిది. చౌపాల్‌ది ఆహార హక్కు ఉద్యమ అనుభవం. పబ్లిక్ హెల్త్ రిసోర్స్ సొసైటీది ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థతో పరిచయం. ఏక్‌జుట్ తెచ్చింది మహిళా సమావేశాల పద్ధతి.

ఏక్‌జుట్ గురించి కొంత వివరం అవసరం. ప్రశాంత త్రిపాఠీ, నిర్మలా నాయర్ 2002లో జార్ఖండ్‌లోని చక్రధర్‌పూర్ కేంద్రంగా దీన్ని స్థాపించారు. ఊరి మహిళలు నెలకోసారి కూర్చుని, బొమ్మలతో, కథలతో తమ సమస్యలను తామే వరుసలో పెట్టుకుని పరిష్కారాలు వెతుక్కోవడం దాని పద్ధతి. జార్ఖండ్, ఒడిశాల్లోని మూడు జిల్లాల్లో 36 క్లస్టర్లలో (ఊళ్ల సమూహాల్లో) చేసిన పరీక్షలో నవజాత శిశు మరణాలు మూడేళ్లలో 32 శాతం తగ్గినట్టు 2010లో వైద్య పత్రిక లాన్సెట్ ప్రచురించింది. ఆ తర్వాత సమావేశాలకు ఇంటింటి సందర్శనలు జోడించి, 120 క్లస్టర్లలో పిల్లల ఎదుగుదల మీద మరో పరీక్ష చేశారు. 2017లో వచ్చిన దాని ఫలితం మిశ్రమం: తక్కువ బరువు, శిశు మరణాలు తగ్గాయి గాని, పిల్లల పొడవులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

కూటమి పనిని అంచనా వేసిన అధ్యయనం 2019లో వెలువడింది. సమావేశాలు, ఇంటి సందర్శనలు మాత్రమే జరిగిన చోట పిల్లల కృశత్వం (ఎత్తుకు తగ్గ బరువు లేకపోవడం) తగ్గింది, గిడసబారడం (వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడం) తగ్గలేదు. వీటికి తోడు క్రెష్‌లు నడిచిన చోట రెండూ తగ్గాయి. లాటరీ పద్ధతిలో ఊళ్లను కేటాయించిన పరీక్ష కాదు కాబట్టి దీన్ని కొంత జాగ్రత్తగానే తీసుకోవాలి. అయినా 2017 నాటి ఫలితాన్ని దీని పక్కనే ఉంచి చూస్తే రెండూ ఒకే వైపు చూపుతున్నాయి.

ప్రభుత్వ ఫుల్‌వారీ

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2012-13లో సర్గుజా ప్రాంతంలో ముఖ్యమంత్రి ఫుల్‌వారీ పథకం ప్రారంభించింది. సాంకేతిక సహాయం రాయ్‌పూర్‌లోని రాష్ట్ర ఆరోగ్య వనరుల కేంద్రానిది, ఊళ్లో ఊతం మితానిన్ అనే గ్రామ ఆరోగ్య కార్యకర్తలది. నిధులు పంచాయతీ ద్వారా తల్లుల బృందానికి చేరతాయి. గర్భిణులకు, బాలింతలకు కూడా భోజనం ఉండడం గనియారీ నమూనాకు అదనం. ముఖ్యమైన తేడా మరొకటి: ఇక్కడ జీతం తీసుకునే ఆయా లేదు, తల్లులే వంతులవారీగా పిల్లలను చూసుకుంటారు. దీన్ని సామూహిక భాగస్వామ్యంగా మెచ్చుకున్నవారున్నారు. రోజుకూలి మీద బతికే తల్లికి వంతు వచ్చిన రోజు కూలి పోతుందన్న విమర్శకు వారి దగ్గర గట్టి జవాబు కనబడదు. కోవిడ్ కాలంలో ఈ తరహా కేంద్రాలు చాలాచోట్ల మూతపడ్డాయి.

తెలుగు ప్రాంతాల్లో

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఆధ్వర్యంలో గ్రామ సమాఖ్యలు 2000 దశకం రెండో సగంలో పోషకాహార కేంద్రాలు నడిపాయి. సభ్యులైన గర్భిణులు, బాలింతలు అక్కడే భోంచేసి, ఖర్చులో తమ వాటాను సమాఖ్యకు వాయిదాల్లో కట్టేవారు. గనియారీతో దీనికి సంబంధం ఉన్నట్టు ఆధారం లేదు. గురి కూడా ప్రధానంగా తల్లి మీదే. అంగన్‌వాడీలోనే గర్భిణులకు ఒక పూట భోజనం పెట్టే అమృతహస్తం 2013లో, తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి 2015లో వచ్చాయి. మూడేళ్ల లోపు పిల్లలను పగలంతా ఉంచుకునే ఏర్పాటు వీటిలో లేదు.

వైద్యరంగంలో కొనసాగింపు

గనియారీ క్షయ పరిశీలన తర్వాతి కాలంలో పెద్ద అధ్యయనానికి దారితీసింది. 2019లో జార్ఖండ్‌లో మొదలైన రేషన్స్ పరీక్షలో 2,800 మంది రోగులకు నెలకు 10 కిలోల ఆహార సరుకులు ఇచ్చారు. పరీక్షకు తీసుకున్న కొన్ని కుటుంబాల్లో ఇంట్లోవారికి కూడా తలకు నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చారు. సరుకు అందిన ఇళ్లలో కొత్తగా క్షయ సోకినవారు 39 శాతం తక్కువని 2023లో లాన్సెట్‌లో వెలువడింది.

ప్రస్తుత స్థితి

కేంద్ర ప్రభుత్వం జాతీయ క్రెష్ పథకాన్ని 2022లో మిషన్ శక్తి కింద పాల్నా పేరుతో మార్చి, 17,000 అంగన్‌వాడీలను దశలవారీగా క్రెష్‌లతో కలపాలని సంకల్పించింది. చాలా రాష్ట్రాలు ఖర్చులో 40 శాతం భరించాలి. నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు తెరిచి ఉంచడం నియమం. ఒక్కో కేంద్రంలో పాతిక మంది పిల్లలకు ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు. గనియారీ లెక్కలో ఇద్దరికి ఇరవై మందే.