సముద్రం మీద కాల్పులు జరిగితే కేసు ఎక్కడ నడుస్తుంది?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

ఏలూరులో మా హాస్టల్ రూంలో నలుగురం ఉంటాం. ఇద్దరం బుట్టాయగూడెం వైపు కోయ ఇళ్ళ వాళ్ళం, ఒకడు వేలేరుపాడు కొండరెడ్డి, ఇంకొకడు కొల్లేటి గట్టు మీది యానాది కుర్రాడు. నలుగురి ఇళ్ళలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఆ మధ్య ఒక ఆదివారం తాడేపల్లిగూడెంలో చదివే మన స్నేహితులు ప్యాసింజర్ ఎక్కి వచ్చారు. పోటీ పరీక్షల కోసం ఒకరినొకరం బిట్లు అడుక్కుంటున్నాం. "అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రిబ్యునల్ ఎక్కడుంది?" "జర్మనీ, హాంబర్గ్." తర్వాతి బిట్‌కి వెళ్ళిపోబోతుంటే కొల్లేటివాడు ఆపాడు.

"ఒరేయ్, అది సరేగానీ, మా నాన్నలాంటోడు సముద్రంలో వలేస్తుంటే పైదేశపోడు కాల్చేశాడనుకో. మా అమ్మ ఆ హాంబర్గెళ్ళి కేసు పెట్టొచ్చా?"

ఎవరికీ జవాబు తెలియలేదు. తర్వాత కొన్ని వారాలు లైబ్రరీలోనూ ఫోన్లలోనూ వెతికాం. జవాబు ముందే చెప్పేస్తాం: పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో, దాంతో మనకేం పనో చెప్పడానికే ఈ పోస్టు.

వాడు ఊహించి అడిగాడు గానీ, అలాంటిది నిజంగానే జరిగింది. 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి సుమారు 20 నాటికల్ మైళ్ళ దూరంలో, అంటే 38 కిలోమీటర్ల లోపల, సెయింట్ ఆంటోనీ అనే చేపల బోటు వెళ్తోంది. అటుగా ఎన్రికా లెక్సీ అనే ఇటలీ ట్యాంకర్ ఓడ వచ్చింది. సముద్రపు దొంగల భయానికి ఆ ఓడ మీద ఇటలీ నౌకాదళం మనుషుల్ని పెట్టారు. బోటువాళ్ళని దొంగలనుకున్నామని చెప్పారు తర్వాత. కాల్పుల్లో ఇద్దరు జాలర్లు చనిపోయారు. కేరళ పోలీసులు ఇద్దరు ఇటలీ మెరైన్లని అరెస్టు చేశారు.

ఇక్కడ చిక్కు ఏంటంటే, ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ళ వరకే సముద్రం పూర్తిగా మన దేశానిది. అక్కడి నుంచి 200 మైళ్ళ దాకా చేపల మీద, అడుగునున్న సంపద మీద మనకి హక్కుంటుంది గానీ, పోయే ఓడలన్నిటి మీదా అధికారం ఉండదు. ఈ లెక్కలన్నీ 1982లో దేశాలు రాసుకున్న సముద్ర చట్టం ఒప్పందంలో ఉన్నాయి. అది 1994లో అమల్లోకి వచ్చింది, 1995లో భారతదేశం ఆమోదించింది. చనిపోయింది మావాళ్ళు, మేం విచారిస్తాం అని మన ప్రభుత్వం. వాళ్ళు మా ప్రభుత్వ డ్యూటీలో ఉన్న సైనికులు, మేమే విచారిస్తాం అని ఇటలీ. 2013 జనవరిలో మన సుప్రీంకోర్టు, ఇది కేరళ రాష్ట్రం చేతిలోది కాదు, కేంద్రం ప్రత్యేక కోర్టు పెట్టాలి అంది.

తర్వాత జరిగింది చదివి మేం ఆశ్చర్యపోయాం. ఇటలీలో ఎన్నికలొచ్చాయి. ఓటేసి తిరిగొస్తారని ఇటలీ రాయబారి హామీ రాసిచ్చాడు. సుప్రీంకోర్టు నమ్మి పంపింది. మార్చిలో ఇటలీ, వాళ్ళని తిరిగి పంపం అంది. అప్పుడు సుప్రీంకోర్టు, రాయబారి గారూ, మీరు దేశం దాటొద్దు అని ఆర్డరేసింది. రాయబారిని అరెస్టు చెయ్యకూడదు, ఆపకూడదు అని దేశాల మధ్య పాత ఒప్పందం ఉంది. మరి కోర్టుకి రాసిచ్చిన మాట సంగతేంటి? రెండు దేశాల మధ్య పెద్ద గొడవైంది. చివరికి మార్చి 22న మెరైన్లు తిరిగొచ్చారు. ఒక దేశం కోర్టుకీ ఇంకో దేశం ప్రభుత్వానికీ మధ్య నమ్మకం తప్ప వేరే తాడు లేదు. ఆ తాడు తెగితే ఎంత పెద్ద కోర్టైనా ఏమీ చెయ్యలేదు.

2015లో ఇటలీ ఈ గొడవని అంతర్జాతీయ మధ్యవర్తుల ముందుకి తీసుకెళ్ళింది. మధ్యవర్తుల ట్రిబ్యునల్ కూర్చునేలోగా తాత్కాలిక ఆదేశాలు కావాలని హాంబర్గ్ ట్రిబ్యునల్‌ని అడిగింది. ఆ ఏడాది ఆగస్టు 24న హాంబర్గ్ ట్రిబ్యునల్ 15–6 ఓట్లతో, రెండు దేశాలూ మీ మీ కోర్టుల్లో కేసులు ఆపండి, కొత్తవి పెట్టొద్దు అని చెప్పింది. ఆ ట్రిబ్యునల్‌లో 21 మంది జడ్జిలు, ఒక దేశం నుంచి ఒకరికి మించి ఉండరు. అందులో అప్పుడు కూర్చున్న భారతీయుడు మన పక్క జిల్లా మనిషి.

ఆయన పేరు పాటిబండ్ల చంద్రశేఖరరావు. 1936లో కృష్ణా జిల్లా వీరుళ్ళపాడులో పుట్టారు. ఇప్పుడది ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. 1970లలో న్యూయార్క్‌లో ఐక్యరాజ్య సమితి దగ్గరున్న మన దేశ కార్యాలయంలో న్యాయ సలహాదారుగా పనిచేశారు. తర్వాత ఢిల్లీలో కేంద్ర న్యాయశాఖ కార్యదర్శి అయ్యారు. 1996లో హాంబర్గ్ ట్రిబ్యునల్ మొదలైనప్పుడు మొదటి జడ్జిల్లో ఒకరు. 1999 నుంచి 2002 వరకు దాని అధ్యక్షుడు. 2017 దాకా అక్కడే జడ్జిగా ఉన్నారు. 2018 అక్టోబర్‌లో చనిపోయారు. ఆయన మన గూడేల నుంచి వెళ్ళిన మనిషి కాదు, ఆ సంగతి మాకు తెలుసు. కానీ మా బస్సులు తిరిగే దూరంలోని ఒక ఊళ్ళో పుట్టిన మనిషి ఆ కుర్చీలో కూర్చున్నారని ఏ బిట్ పుస్తకంలోనూ మాకు కనపడలేదు.

అధ్యక్షుడి పని తీర్పులు రాయడం ఒక్కటే కాదు. జర్మనీ ప్రభుత్వంతో మాట్లాడాలి, ఐక్యరాజ్య సమితి సభకి వెళ్ళి ట్రిబ్యునల్ పని గురించి చెప్పాలి, దేశాలు ఈ కోర్టుని నమ్మేలా చూడాలి. 2000 జూలైలో హాంబర్గ్‌లో కొత్త భవనం తెరిచినప్పుడు కోఫీ అన్నన్ వచ్చారు, అప్పుడు అధ్యక్షుడు ఈయనే. 2001 డిసెంబర్‌లో ఐర్లాండ్, బ్రిటన్ గొడవ వచ్చింది. బ్రిటన్ తన ఒడ్డున పెట్టిన అణు ఇంధన ఫ్యాక్టరీ వల్ల మా సముద్రం పాడైపోతుందని ఐర్లాండ్ అంది. ఫ్యాక్టరీ ఆపమని ట్రిబ్యునల్ చెప్పలేదు. మీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి, సమాచారం ఇచ్చిపుచ్చుకోండి, ప్రమాదాన్ని కనిపెట్టి చూడండి అని ఆదేశించింది. మొదట చదివినప్పుడు, ఇదేం తీర్పురా, మా ఊరి పెద్దలు కూడా ఇదే చెబుతారు కదా అని నవ్వుకున్నాం. తర్వాత అర్థమైంది. ఆ కోర్టుకి పోలీసుల్లేరు, జైలు లేదు. ఉన్నదల్లా దేశాలు ఒప్పుకున్న మాట. అందుకే ఆ మాటని కాగితం మీద పెట్టి, తేదీ వేసి, ఫలానా రోజులోగా ఏం చేశారో రాసి పంపండి అని అడుగుతుంది. ఇటలీ, భారత్ ఆర్డర్లో కూడా నెలలోగా రిపోర్టు ఇవ్వమంది.

ఆ కాగితాలు నడిపే ఆఫీసుని రిజిస్ట్రీ అంటారు. ప్రతి దేశం తన తరఫున ఏజెంట్ అనే ప్రతినిధిని పెట్టుకుంటుంది. ఆ ఏజెంట్లకి ఉత్తరాలు పంపడం, గడువులు చూడడం, ఇంగ్లీషు, ఫ్రెంచి రెండింట్లోనూ అన్నీ తయారుచెయ్యడం, ఏ పక్కా మొగ్గకుండా రెండు పక్షాలతో మర్యాదగా ఉండడం రిజిస్ట్రీ వాళ్ళ పని. జడ్జిలు కాకుండా న్యాయ ఉద్యోగులు, అనువాదకులు, లైబ్రరీవాళ్ళు ఉంటారు. దౌత్యం, న్యాయం రెండూ కలిసే చోటు అది.

ఇక కేసు సంగతికి వద్దాం. అసలు తీర్పు ఇచ్చింది ఐదుగురు మధ్యవర్తుల ట్రిబ్యునల్. భారత్ మొదట చంద్రశేఖరరావు గారినే పెట్టింది. ఆయన తర్వాత ఆ చోటులోకి పెమ్మరాజు శ్రీనివాసరావు గారు వచ్చారు. 2020 మే 21న తీర్పు వచ్చింది. మెరైన్లు ప్రభుత్వ డ్యూటీలో ఉన్నారు కాబట్టి భారత్ వాళ్ళని విచారించకూడదని 3–2తో తేల్చారు. శ్రీనివాసరావు గారు ఒప్పుకోని ఇద్దరిలో ఒకరు. అయితే భారత బోటు స్వేచ్ఛగా తిరిగే హక్కుని ఇటలీ దెబ్బతీసింది, ప్రాణాలు పోయినందుకు, గాయాలకి, బోటు నష్టానికి పరిహారం కట్టాలి అని కూడా చెప్పారు. ఇటలీ 10 కోట్లు కట్టింది. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు మన దగ్గరి కేసు మూసేసింది. చనిపోయిన ఇద్దరి కుటుంబాలకి 4 కోట్ల చొప్పున, బోటు యజమానికి 2 కోట్లు.

మరి బోటులో ఉన్న మిగతావాళ్ళు? కళ్ళముందు తోటివాళ్ళు పడిపోతుంటే చూసినవాళ్ళు? ఆ లెక్కలో వాళ్ళకి వేరే వాటా లేదు. వాళ్ళే సుప్రీంకోర్టుకి వెళ్ళి అడిగాక, 2022లో యజమాని వాటాలోంచి తొమ్మిది మందికి 5 లక్షల చొప్పున ఇమ్మని కోర్టు చెప్పింది.

మా కొల్లేటివాడి ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. ఇలాంటి గొడవలో అక్కడ కక్షిదారు దేశమే. వాళ్ళ అమ్మ తరఫున దేశం మాట్లాడుతుంది. దేశం గుర్తుపెట్టుకుంటే గుర్తున్నట్టు, మర్చిపోతే మర్చిపోయినట్టు.

మనకిది కొత్త కాదు. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఏలూరు సర్కారుని మరో మూడు సర్కార్లతో కలిపి ఫ్రెంచివాళ్ళకి రాసిచ్చాడు. 1766లో నిజాం అలీ ఇంగ్లీషు కంపెనీతో ఒప్పందం చేసుకుంటే మన నేల ఆ చేతిలోకి పోయింది. రెండు ఒప్పందాల్లోనూ కొల్లేటి జాలరినిగానీ కొండ మీద పోడు కొట్టుకునేవాడినిగానీ అడిగినవాళ్ళు లేరు. అది రాజుల కాలం అనుకుందాం. 1980లో గోదావరి జలాల ట్రిబ్యునల్ తీర్పులో పోలవరం ఉంది. కక్షిదారులు రాష్ట్రాలు. మునిగేది మా వేలేరుపాడువాడి ఇల్లు. 2002లో కొల్లేరు రామ్సర్ జాబితాలోకి వెళ్ళింది. ఇరాన్‌లోని రామ్సర్ ఊళ్ళో 1971లో దేశాలు చేసుకున్న ఒప్పందం అది. చెరువు బతకాలి, పక్షులు బతకాలి, మేం కాదనం. కానీ ఆ మాట గట్టు మీద ఉండే యానాది వాళ్ళకి వాళ్ళ భాషలో చెప్పినవాళ్ళెవరు?

అలా అని ఎక్కడా చోటు లేదనడం కూడా అబద్ధమే. 1982 నుంచి జెనీవాలో ఐక్యరాజ్య సమితి వర్కింగ్ గ్రూపులో ప్రపంచంలోని ఆదివాసులు తామే వెళ్ళి కూర్చుని మాట్లాడారు. పాతికేళ్ళు పట్టింది. 2007 సెప్టెంబర్ 13న ఆదివాసీ హక్కుల ప్రకటన వచ్చింది, భారత్ దానికి ఓటేసింది. మీ నేల గురించి నిర్ణయం చేసేముందు మిమ్మల్ని అడగాలి, మీరు ఒప్పుకోవాలి అన్న మాట అందులో ఉంది. అది చట్టంలా కట్టిపడెయ్యదు. కానీ ఆ మాట కాగితం మీదికి ఎక్కింది మనలాంటివాళ్ళు ఆ గదిలో ఉన్నారు కాబట్టే.

అందుకే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి మేం చెప్పేది ఒకటే. టీచర్, పోలీస్, సచివాలయం ఉద్యోగాలు మంచివే, మేమూ వాటికే చదువుతున్నాం. కానీ మనలో కొందరైనా లా చదవాలి. ఇంటర్ తర్వాత ఐదేళ్ళ కోర్సుంది, డిగ్రీ తర్వాత మూడేళ్ళదుంది, రెండింటికీ లాసెట్ రాయొచ్చు. విదేశంలో పీజీ చదవడానికి కేంద్ర గిరిజన శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. దేశం మొత్తం మీద ఏడాదికి 20 మందికే, అందులో 3 కొండరెడ్ల లాంటి పీవీటీజీ వాళ్ళకి. హాంబర్గ్ ట్రిబ్యునల్‌లో విద్యార్థులకి ఇంటర్న్‌షిప్ కూడా ఉంది.

ఇంగ్లీషంటే మాకూ భయమే. క్లాసులో లేచి నిలబడితే నాలుక తిరగదు. కానీ కోయ, తెలుగు, ఇంగ్లీషు మధ్య మాటలు మోసే పని మనం చిన్నప్పట్నుంచీ చేస్తున్నాం. ఆఫీసు కాగితం ఊరికొస్తే చదివి అమ్మానాన్నలకి చెప్పింది మనమే కదా. రిజిస్ట్రీలో చేసేదీ ఆ పనే, ఇంకాస్త పెద్ద కాగితాలతో.

ఆ ఆదివారం తర్వాత మా కొల్లేటివాడు లాసెట్ పుస్తకం కొన్నాడు. సెకండ్ హ్యాండ్‌ది, ముందు పేజీలు లేవు. ఎవరి దగ్గరైనా మంచి కాపీ ఉంటే కామెంట్లో చెప్పండి, వచ్చి తీసుకుంటాం. రాసిన దాంట్లో తప్పులుంటే పెద్దలు సరిచెయ్యండి.

జై ఆదివాసీ.