రావిచెట్టు క్రింది ముఖచిత్రములు



మా ఇబ్రహీంపట్నము దేవాలయములో రావిచెట్టు మొదట జీర్ణించిన దేవతా పటములను వదలి వెళ్లుట భక్తులకు అలవాటు. వానితో పాత పత్రికలును వచ్చుచుండును. అట్టపై కృష్ణుడో పార్వతియో ఉన్నందున చిత్తుకాగితములవానికి తూకము వేయుటకు మనసొప్పదు కదా! ఇరువది ఏండ్ల క్రిందట అట్టి కట్టనొకదానిని నేనే పెద్దచెరువులో నిమజ్జనము చేసితిని. అందులో చందమామలు ఉండెను. పుణ్యకార్యమనియే తలంచితిని.

ముద్రిత దేవతారూపము మన ఇండ్లకు చేరిన చరిత్ర దీర్ఘమైనది. 1894లో రవివర్మ బొంబాయిలో ముద్రణాలయము నెలకొల్పగా, సంపన్నుల గోడలపైనుండిన చిత్రములు సామాన్యుని పూజామందిరమునకు దిగివచ్చినవి. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసునుండి చందమామను వెలువరించిరి. పటము గోడకు ఒక్కటే. పత్రిక నెలనెలా క్రొత్త అట్టతో వచ్చుచుండెను. తొలినాళ్లలో ఎం.టి.వి. ఆచార్య గారు, పిమ్మట శ్రీకాకుళమున జన్మించిన వడ్డాది పాపయ్య గారు (1921–1992) ఆ అట్టలను తీర్చిరి. ‘వ.పా.’ అను చిన్న సంతకము ఎందరికో పరిచితము. నృత్తము నెరుగనివానికి చిత్రసూత్రము బోధపడదని విష్ణుధర్మోత్తర పురాణమున మార్కండేయుడు వజ్రమహారాజునకు చెప్పెను. వ.పా. గీసిన దేవతల నిలుకడను, వ్రేళ్ల వంపును చూచినపుడే ఆ మాట నాకు నిజముగా అర్థమైనది. పాఠశాలలో వల్లించినపుడు కాలేదు.

మరి నిమజ్జనము విధియా? ప్రాణప్రతిష్ఠ జరిగిన బింబమునకే ఉద్వాసన. ముద్రిత పత్రమునకు ప్రతిష్ఠయే లేదు. కావున అగౌరవము కలుగనీయకుండ భద్రపరచుట దోషము కాదని నా అభిప్రాయము. ఆచారమును బట్టి కాదనువారు కలరు; వారితో వివాదము లేదు.

సేకరణకు పూనుకొన్న పిదప ఒక విషయము తెలిసినది. కథలపై ప్రీతితో సంవత్సరపు సంచికలను ఒక్కటిగా బైండు చేయించినవారు అనేకులు అట్టలను తీసివేసిరి. లోపలి కథలు నిలిచినవి, ముఖచిత్రములు పోయినవి. విడి సంచిక దొరికినచో మొదట తుప్పుపట్టిన పిన్నులను తీసి నూలుదారముతో కుట్టుదును. తాళపత్రములకు వాడు వసకొమ్మునే పెట్టెలో ఉంచుదును. తేమయున్న గోడకు ఆనించను.

గత కార్తికమున చెట్టు క్రింద మరియొక కట్ట కనబడినది. పైనున్న సంచికకు సగము అట్టయే మిగిలినది. దాని వెనుక ఎవరో బాలుడు పెన్సిలుతో రెండవ ఎక్కము వ్రాసికొనినాడు. దానిని చెరిపివేయలేదు.